‘ఉండవచ్చు’ అని రాస్తే ఎంత ఉన్నట్టు?

ప్రశ్న: చాలాకాలం క్షేత్రస్థాయిలో సమాచార సేకరణ చేసి, ఇటీవలే విశ్లేషణ విభాగానికి మారాను. జాతీయ భద్రతపై నిర్ణయాలు తీసుకునే ఉన్నతస్థాయి వారి కోసం ఒక ముప్పు అంచనా తయారు చేయమన్నారు. పొరుగు దేశం సరిహద్దుకు బలగాలను తరలిస్తోంది. అది విన్యాసమా, దాడికి సన్నాహమా అన్నది విషయం. అంతకు మించి ఇక్కడ రాయలేను. కష్టపడి ముప్పై పేజీలు రాస్తే మా పై అధికారి రెండు పేజీలు చదివి, ‘ఇంతకీ ఏమంటారు?’ అని వెనక్కి ఇచ్చారు. ‘ఉండవచ్చు’, ‘కొట్టిపారేయలేము’ లాంటి మాటలన్నీ తీసేసి గట్టిగా చెప్పమన్నారు. నా దగ్గరున్న ఆధారాలు అంత గట్టిగా లేవు. గట్టిగా చెబితే అబద్ధమవుతుంది, చెప్పకపోతే ఎవరూ చదవరు. ఏం చేయాలి? అసలు ఎంత పొడవు ఉండాలి? ముసాయిదా మీకు పంపమంటారా?
– ఒక విశ్లేషకురాలు

సమాధానం: ముసాయిదా పంపకండి. దేశం పేరు, తేదీలు, అంకెలు లేకుండా ఉత్తరం రాశారు. ఆ జాగ్రత్త అలాగే ఉంచుకోండి. అది చూసే అధికారం ఉన్నవాళ్లకు తప్ప ఇంకెవరికీ, ఎంత నమ్మకస్తులైనా, చూపించకండి. నేను చెప్పబోయేదంతా ఎప్పుడో బయటపడిన ఉదంతాల ఆధారంగానే. ఈ వృత్తిలో విజయాలు బీరువాల్లో ఉండిపోతాయి. వైఫల్యాల మీద మాత్రం విచారణ సంఘాలు వందల పేజీలు అచ్చు వేస్తాయి. కాబట్టి నేర్చుకోదలచిన వారికి పాఠాల కొరత లేదు.

మీ పై అధికారి అడిగిన ప్రశ్న సరైనదే. ఆయన చెప్పిన మందు మాత్రం తప్పు. చదివేవారిని విసిగించేది మీ సందేహం కాదు. దానికి కొలత లేకపోవడం, అది ముప్పై పేజీల్లో ప్రతి వాక్యానికీ పులుముకుని ఉండటం. సందేహం ఎంతో తేల్చండి, దేని గురించో చెప్పండి, తెచ్చి మొదటి పేజీలో పెట్టండి. నా సలహాలో సారమంతా ఇదే. మిగిలింది ఎలా చేయాలన్న వివరణ.

ముందు పొడవు సంగతి. సేకరణ విభాగం నుంచి వచ్చినవారికి ఒక అలవాటు ఉంటుంది. ఎన్నో ఇబ్బందులు పడి తెచ్చిన సమాచారం కాబట్టి ఒక్క ముక్క వదలాలన్నా ప్రాణం ఒప్పదు. మీ పత్రం చదివే వ్యక్తికి ఆ కష్టంతో పని లేదు. ఆ రోజు ఆయన బల్ల మీద ఇలాంటివి పది ఉంటాయి. సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చాలి: సెలవుల్లో ఉన్న సైనికులను వెనక్కి పిలవాలా, దౌత్య మార్గంలో అడిగి చూడాలా, ఏమీ చేయకుండా వేచి చూడాలా? అందుకే రాయడం మొదలుపెట్టే ముందే ఒక ప్రశ్నకు జవాబు సంపాదించండి. ఈ అంచనా ఏ నిర్ణయం కోసం, ఎప్పటిలోగా? ‘పొరుగు దేశం నుంచి ముప్పు’ అనేది శీర్షిక అవుతుంది గానీ ప్రశ్న కాదు. ‘రాబోయే మూడు నెలల్లో ఈ సరిహద్దు దాటి పరిమిత దాడి జరిగే అవకాశం ఎంత, జరిగితే మనకు ఎన్ని రోజుల ముందు తెలుస్తుంది?’ అన్నది ప్రశ్న. ఇలా అడిగితే మీ ముప్పై పేజీల్లో ఇరవై వాటంతటవే అనుబంధంలోకి జారిపోతాయి. ప్రధాన పత్రం రెండు మూడు పేజీలు దాటనక్కరలేదు. అందులోనూ మొదటి పేజీ ఒక్కటే చదివి లేచి వెళ్లిపోయే వారికి కూడా అసలు విషయం అందాలి.

‘మూడు నెలలు’ అన్న గడువును చూసీచూడనట్టు దాటిపోకండి. గడువు లేని అంచనా ఎప్పటికీ తప్పు కాదు, ఎప్పటికీ ఉపయోగపడదు కూడా. ‘దాడి జరిగే ప్రమాదం ఉంది’ అని రాసి, పదేళ్ల తర్వాత జరిగితే ‘మేము ముందే చెప్పాం’ అనేవారిని ప్రతి దేశంలోనూ చూస్తాం.

ఇక అసలు సరుకు. ముప్పును తూచేటప్పుడు రెండింటిని వేర్వేరుగా చూడాలి: అవతలివారికి ఏం చేయగల సామర్థ్యం ఉంది, ఏం చేయాలన్న ఉద్దేశం ఉంది. సామర్థ్యాన్ని లెక్కపెట్టవచ్చు. ట్యాంకులు, వంతెన సామగ్రి, ఇంధన నిల్వలు, క్షేత్ర ఆసుపత్రులు ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తాయి, పెరగడానికి కాలం పడుతుంది. ఉద్దేశం ఒకరిద్దరి తలల్లో ఉంటుంది, రాత్రికి రాత్రి మారిపోతుంది. ఒక్కోసారి ఆ ఒకరిద్దరు కూడా ఇంకా తేల్చుకుని ఉండరు. లేని నిర్ణయాన్ని ఏ గూఢచారీ దొంగిలించి తేలేడు. కొత్త విశ్లేషకులు సామర్థ్యం చూసి ఉద్దేశాన్ని ఊహించేస్తారు. తలపండినవారు అంతకంటే ప్రమాదకరమైన పని చేస్తారు. ‘ఆ పని చేస్తే వాళ్లకే నష్టం, కాబట్టి చేయరు’ అంటారు.

1962 సెప్టెంబర్ 19న అమెరికా నిఘా వర్గాలు క్యూబాపై ఇచ్చిన ప్రత్యేక అంచనాలో జరిగింది సరిగ్గా ఇదే. సోవియట్ యూనియన్ క్యూబాలో అణు క్షిపణులు పెట్టే అవకాశాన్ని ఆ పత్రం పరిశీలించింది. అది సోవియట్ ఆచరణకు విరుద్ధమనీ, అంత ప్రమాదానికి వాళ్లు ఒడిగట్టరనీ తేల్చింది. అక్టోబర్ 14న అమెరికా యూ-2 గూఢచారి విమానం తీసిన ఫొటోల్లో క్షిపణి స్థావరాలు బయటపడ్డాయి. అప్పటి సీఐఏ అధిపతి జాన్ మెకోన్ మాత్రం మొదటినుంచీ ఒప్పుకోలేదు. ఆయన దగ్గర ప్రత్యేక సమాచారం ఏమీ లేదు. ఆయన అడిగింది ఒక్కటే: క్యూబాలో విమాన విధ్వంసక క్షిపణులను అంత ఖర్చుపెట్టి మోహరిస్తున్నారే, వాటితో దేన్ని కాపాడుతున్నట్టు? ఆ అంచనా రూపొందించిన విభాగానికి నాయకుడైన షెర్మన్ కెంట్, తమ విశ్లేషణ కంటే సోవియట్ అధినేత కృశ్చేవ్ నిర్ణయమే పెద్ద పొరపాటని తర్వాత వాదించాడు. వాదన చమత్కారంగానే ఉంది. కానీ ప్రత్యర్థి పొరపాటు చేయగలడన్నది కూడా అంచనాలో భాగమే కదా. మన లెక్కలో నష్టంగా కనిపించేది వాళ్ల లెక్కలో తప్పనిసరి కావచ్చు. మీ పత్రంలో ‘వాళ్లకు లాభం లేదు’ అన్న వాక్యం ఎక్కడైనా ఉంటే ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి. ఎవరి లెక్క ప్రకారం లాభం లేదో పక్కన రాయండి.

కెంట్ ప్రస్తావన వచ్చింది కాబట్టి మీ రెండో బాధకు వస్తాను. ‘ఉండవచ్చు’ గురించి ఈ రంగంలో అందరికంటే ముందు తల పట్టుకున్నది ఆయనే. 1951లో యుగోస్లావియాపై దాడి జరిగే ‘గట్టి అవకాశం ఉన్నట్టు భావించాలి’ అని అమెరికా జాతీయ అంచనా ఒకటి వెలువడింది. విదేశాంగ శాఖలో విధాన ప్రణాళిక చూసే ఉన్నతాధికారి ఒకరు కెంట్‌ను మామూలు మాటల్లో అడిగారు: అంటే ఎంత? నూటికి 65 పాళ్లు జరుగుతుందని తన ఉద్దేశమని కెంట్ చెప్పాడు. ఆ అధికారి ఉలిక్కిపడ్డాడు. ఆయనా, ఆయన సహచరులూ అంతకంటే చాలా తక్కువ అనుకున్నారట. కెంట్ తిరిగివచ్చి, ఆ పత్రాన్ని ఏకగ్రీవంగా ఆమోదించిన తన బృందంలో ఒక్కొక్కరినీ అడిగాడు. ఒకరు 80 అంటే ఇంకొకరు 20 అన్నారు. ఒకే వాక్యం మీద అందరూ సంతకం పెట్టారు, ఒకే అభిప్రాయం మీద కాదు. వాక్యం ఆకుకు అందకుండా పోకకు పొందకుండా ఉంది కాబట్టే అంత సులువుగా అందరూ ఒప్పుకున్నారు.

ఆ తర్వాత దశాబ్దాలకు గానీ దీనికి అధికారిక మందు దొరకలేదు. అమెరికా నిఘా సంస్థలకు 2015 నుంచి అమల్లో ఉన్న ప్రమాణాల ప్రకారం ‘సంభావ్యం’ అంటే 55 నుంచి 80 శాతం, ‘చాలా సంభావ్యం’ అంటే 80 నుంచి 95, ‘దాదాపు ఖాయం’ అంటే 95 నుంచి 99. అవతలి వైపు ‘అసంభావ్యం’ 20 నుంచి 45, ‘చాలా అసంభావ్యం’ 5 నుంచి 20. బ్రిటన్‌ది ఇంకో కొలబద్ద. అందులో ‘వాస్తవిక అవకాశం’ అనేది 40 నుంచి 50 శాతం మధ్య ఉంటుంది. మీ సంస్థలో ఏ కొలబద్ద ఉందో కనుక్కోండి. ఉంటే తు.చ. తప్పకుండా దాన్నే వాడండి, లేకపోతే మీరే ఒకటి నిర్ణయించి మొదటి పేజీ అడుగున అచ్చు వేయండి. ‘కొట్టిపారేయలేము’ అన్న మాటను మాత్రం మీ పై అధికారి చెప్పినట్టే తీసిపారేయండి. ఒక శాతం ఉన్నా కొట్టిపారేయలేము, తొంభై ఉన్నా కొట్టిపారేయలేము. ఆ మాట పాఠకుడికి సమాచారం ఇవ్వదు, రాసినవారికి రక్షణ మాత్రం ఇస్తుంది.

శాతాలు వేస్తే లేని కచ్చితత్వం నటించినట్టు కాదా అని మీరు అడగవచ్చు. 63 అని వేస్తే నటనే. 55 నుంచి 80 అంటే నటన లేదు. నా నమ్మకం సగానికి పైనే ఉంది గానీ ఖాయం కాదు అని ఒప్పుకోవడమే అది.

ఇక్కడే చాలామంది కలిపి కొట్టే రెండు విషయాలున్నాయి. ఒక సంఘటన జరిగే అవకాశం ఎంత అన్నది ఒకటి. ఆ మాట చెప్పడానికి మన దగ్గరున్న ఆధారాల బలమెంత అన్నది రెండోది. నాణెం ఎగరేస్తే బొమ్మ పడే అవకాశం సగమే, కానీ ఆ సగం అన్న లెక్కపై మనకు పూర్తి నమ్మకం ఉంది. ఎన్నడూ చూడని దేశపు నాయకుడి మనసు గురించి ‘సగం’ అన్నప్పుడు ఆ సగం మీదే మనకు నమ్మకం లేదు. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో ఇరికించకండి. ‘దాడి జరగడం అసంభావ్యమని మా అంచనా. ఈ అంచనాపై మాకున్న నమ్మకం తక్కువ, ఎందుకంటే వారి సైనిక నాయకత్వంలోపల ఏం జరుగుతోందో చెప్పగల మూలాలు మాకు లేవు.’ ఇలా రెండు వాక్యాలుగా రాయండి. రెండో వాక్యంలోని ‘ఎందుకంటే’ లేకపోతే మొదటి దానికి విలువ లేదు. నమ్మకం తక్కువ అన్న సంగతి విధాన నిర్ణేతకు ఎంతో పనికొస్తుంది. నిర్ణయాన్ని రెండు రోజులు ఆపి ఆ లోటు పూడ్చే సమాచారం కోసం ఆదేశించవచ్చు, లేదా వెనక్కి తీసుకోగలిగిన చర్యతో మొదలుపెట్టవచ్చు.

2011లో పాకిస్థాన్‌లోని అబొట్టాబాద్‌లో ఒక ఇంట్లో ఒసామా బిన్ లాడెన్ ఉన్నాడా అన్న ప్రశ్నకు అమెరికా విశ్లేషకులు 40 శాతం నుంచి 95 శాతం దాకా రకరకాలుగా చెప్పారు. అధ్యక్షుడు ఒబామా చివరికి దాన్ని సగం సగం కిందే లెక్క వేసుకుని నిర్ణయం తీసుకున్నారు. కొందరు దీన్ని విశ్లేషకుల వైఫల్యం అంటారు. నేను అనను. ఆ తేడాను దాచిపెట్టి, సగటు తీసి, ‘సంభావ్యం’ అని ఒక్క మాట రాసి ఇచ్చి ఉంటే అది వైఫల్యం అయ్యేది. భిన్నాభిప్రాయం ఉందని తెలిసిన నాయకుడు రెండు పరిస్థితులకూ సిద్ధపడతాడు.

ఇక ‘గట్టిగా చెప్పండి’ అన్న ఒత్తిడి ఎంత దూరం తీసుకెళుతుందో చూడాలంటే 2002 అక్టోబర్‌లో ఇరాక్ ఆయుధాలపై అమెరికా జాతీయ అంచనాను మించిన పాఠం లేదు. మూడు వారాల లోపే హడావిడిగా తయారైంది. ఇరాక్ వద్ద రసాయన, జీవాయుధాలు ఉన్నాయని నిర్ద్వంద్వంగా చెప్పింది. ఇరాక్ కొనబోయిన అల్యూమినియం గొట్టాలు అణు బాంబుకు కావలసిన యురేనియం శుద్ధికే అన్న వాదనతో ఇంధన శాఖ నిపుణులు విభేదించారు. గొట్టాల గురించి అందరికంటే బాగా తెలిసినవాళ్లు వాళ్లే. అణు కార్యక్రమం మళ్లీ మొదలైందన్న నిర్ధారణనే విదేశాంగ శాఖ నిఘా విభాగం ఒప్పుకోలేదు. రహస్య పత్రంలో ఈ అసమ్మతులు నమోదయ్యాయి. కొద్ది రోజులకే ప్రజల కోసం విడుదల చేసిన ప్రతిలో ‘మా అంచనా’ అన్న మాటలు చాలాచోట్ల ఎగిరిపోయాయి, ఏ సంస్థ విభేదించిందో కనిపించకుండా పోయింది. అంచనాలన్నీ వాస్తవాల వేషం వేసుకున్నాయి. బ్రిటన్‌లోనూ అదే కథ. 2002 సెప్టెంబర్‌లో ప్రచురించిన పత్రంలో, నిఘా సమాచారానికి ఉన్న పరిమితులను తగినంత స్పష్టంగా చెప్పకపోవడం తీవ్రమైన లోపమని 2004లో బట్లర్ విచారణ తేల్చింది.

అదే ఉదంతంలో మీలాంటి సేకరణ అనుభవం ఉన్నవారు గమనించవలసినది ఇంకొకటి ఉంది. ఇరాక్ వద్ద సంచార జీవాయుధ ప్రయోగశాలలు ఉన్నాయన్న సమాచారం దాదాపు వంద నివేదికల్లో వచ్చింది. వంద అంటే ఎవరైనా నమ్ముతారు. ఆ నివేదికలన్నిటికీ మూలం జర్మనీలో ఆశ్రయం పొందిన ఒకే ఒక్క ఇరాకీ, అతని సంకేత నామం ‘కర్వ్‌బాల్’. అతన్ని విచారించింది జర్మన్లు. ఆ కథనంపై ఆధారపడి అంచనాలు రాసిన అమెరికా విశ్లేషకులు అతనితో నేరుగా మాట్లాడలేదు. తాను చెప్పింది కల్పితమని 2011లో అతనే ఒప్పుకున్నాడు. కాబట్టి మీ అనుబంధంలో ఎన్ని నివేదికలున్నాయో లెక్కపెట్టకండి, ఎన్ని నోళ్లున్నాయో లెక్కపెట్టండి. రెండు సంస్థలు ఒకే మాట చెబితే, రెండో సంస్థ మొదటిదాన్ని చదివి రాసిందేమో కనుక్కోండి. విదేశీ సంస్థ నుంచి వచ్చిన సమాచారమైతే మరింత జాగ్రత్త అవసరం. మనం వాళ్లకు ఇచ్చిందే చుట్టు తిరిగి మన దగ్గరికి రావచ్చు.

మూలాలకు గ్రేడు వేసే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. ‘ఏ’ నుంచి ‘ఎఫ్’ వరకు మూలం విశ్వసనీయతకు, 1 నుంచి 6 వరకు ఆ సమాచారం నమ్మదగినదా అన్నదానికి. రెంటినీ విడిగా ఎందుకు వేస్తారో మరచిపోయి, ‘ఏ’ మూలం కాబట్టి 1 అని అలవాటుగా వేసేస్తుంటారు. ఎన్నడూ అబద్ధమాడని మనిషి కూడా విన్న పుకారును నిజాయితీగా మోసుకు రాగలడు.

మీ విషయానికి అన్నిటికంటే దగ్గరైనది 1973 అక్టోబర్. విన్యాసమా, దాడా అన్న మీ ప్రశ్నే ఇజ్రాయెల్ సైనిక నిఘా విభాగం ముందు నిలిచింది. వాళ్ల దగ్గర ఒక సిద్ధాంతం ఉండేది. ఇజ్రాయెల్ లోతట్టు స్థావరాలను కొట్టగల విమానాలో, క్షిపణులో చేతికి అందేవరకు ఈజిప్టు యుద్ధానికి దిగదు, ఈజిప్టు లేకుండా సిరియా దిగదు. సిద్ధాంతం పుట్టినప్పుడు దానికి మంచి ఆధారాలే ఉన్నాయి. ఆ ఏడాది వసంతకాలంలో ఒకసారి యుద్ధం వస్తుందన్న కలవరం రేగింది, బలగాలను అప్రమత్తం చేశారు, యుద్ధం రాలేదు. రాదని చెప్పిన నిఘా అధిపతి ఎలి జెయిరా మాటే నెగ్గింది. మనలో ‘నాన్నా పులి’ కథ అందరికీ తెలుసు. అందులో నష్టం అరిచిన పిల్లవాడి వల్ల అని చెప్పుకుంటాం. ఇక్కడ నష్టం ‘పులి లేదు’ అని ఒకసారి సరిగ్గా చెప్పిన పెద్దమనిషి వల్ల వచ్చింది. ఒకసారి నిజమైన సిద్ధాంతాన్ని రెండోసారి పరీక్షించాలని ఎవరికీ అనిపించలేదు.

అక్టోబర్ మొదట్లో ఈజిప్టు బలగాలు వార్షిక విన్యాసాల పేరుతో సూయజ్ కాలువ ఒడ్డుకు చేరాయి. ఇజ్రాయెల్ దక్షిణ సైనిక కమాండ్‌లో బెన్యామిన్ సిమాన్-తోవ్ అనే లెఫ్టినెంటు ఒకటో తేదీన, మళ్లీ మూడో తేదీన, ఇది విన్యాసం ముసుగులో యుద్ధ సన్నాహమని రాసి ఇచ్చాడు. పై అధికారి దాన్ని పైకి పంపలేదు. అయిదో తేదీ నాటి నిఘా పత్రమైతే విచిత్రం. కాలువ ఒడ్డున కనిపిస్తున్న యుద్ధ సంకేతాలను వివరంగా వర్ణించి, చివర్లో ఈజిప్టు యుద్ధానికి దిగే అవకాశం తక్కువని ముగించింది. మరునాడే యుద్ధం మొదలైంది. సమాచారం లోటు వల్ల జరిగింది కాదిది. కళ్లెదుట ఉన్న సమాచారాన్ని సిద్ధాంతం మింగేసింది.

దీని నుంచి మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది, కొంచెం నిదానంగా చదవండి. కాలువ ఒడ్డున ట్యాంకులు ఉన్నాయన్నది విన్యాసానికీ సరిపోతుంది, దాడికీ సరిపోతుంది. రెండు వివరణలకూ సమానంగా సరిపోయే ఆధారం, ఎంత భయపెట్టేదైనా, ఏదీ తేల్చదు. అదే వారం సోవియట్ యూనియన్ తన సలహాదారుల కుటుంబాలను ఈజిప్టు, సిరియాల నుంచి హఠాత్తుగా విమానాల్లో తరలించింది. విన్యాసం కోసం భార్యాబిడ్డలను ఖాళీ చేయించరు. తేల్చగలిగే ఆధారం అంటే అది. సీఐఏలో పనిచేసిన రిచర్డ్స్ హ్యూయర్ దీన్నే ఒక పద్ధతిగా మలిచాడు. ఒక కాగితంపై అడ్డంగా మీ పరికల్పనలన్నీ రాయండి: విన్యాసం, బెదిరింపు, పరిమిత దాడి, పూర్తి యుద్ధం, దేశంలోపలి రాజకీయాల కోసం ప్రదర్శన. నిలువుగా ఒక్కో ఆధారం రాయండి. ఏ ఆధారం ఏ పరికల్పనకు పొసగదో గుర్తు పెట్టండి. మీకు నచ్చినదానికి మద్దతు ఎంత ఉందో చూడటం మానేసి, దేనికి వ్యతిరేకంగా తక్కువ ఆధారాలున్నాయో చూడండి. ఈ పట్టిక పాఠకుడికి చూపించనక్కరలేదు. అది వేశాక మీ ముప్పై పేజీల్లో ఏవి నిజంగా బరువు మోస్తున్నాయో, ఏవి అలంకారాలో మీకే తెలుస్తుంది. అయితే ఒక హెచ్చరిక: ప్రత్యర్థి మోసగించే ప్రయత్నంలో ఉంటే ఈ పట్టిక కూడా మోసపోతుంది. ఏ ఆధారాన్ని వాళ్లు కావాలని మనకు చూపిస్తుండవచ్చో విడిగా ఒక గడి పెట్టుకోండి.

ఆ పట్టిక నుంచే మీ పత్రంలో అన్నిటికంటే విలువైన భాగం పుడుతుంది: ‘ఏం జరిగితే మా అభిప్రాయం మారుతుంది’. సైనికుల కోసం రక్త నిల్వలు తరలించడం, సెలవుల రద్దు, విన్యాసం ముగింపు తేదీ దాటినా బలగాలు వెనుదిరగకపోవడం, పౌర విమానాలకు గగనతలం మూసేయడం వంటివి ముందే రాసిపెట్టండి. ముందే అన్నది ముఖ్యం. జరిగాక రాయబోతే ప్రతి సంకేతానికీ మన సిద్ధాంతం ఒక సర్దుబాటు వెతుక్కుంటుంది. ఈ జాబితా సేకరణ విభాగాలకు ఏం వెతకాలో చెబుతుంది, నిర్ణేతకు ఎప్పుడు మేల్కొనాలో చెబుతుంది. మీ ఇద్దరి మధ్య ఒక ఒప్పందం లాంటిది అది.

అవకాశం తక్కువైనా నష్టం భారీగా ఉండేవాటిని ఏం చేయాలి? శాతం పెంచకండి. పది శాతం అయితే పది శాతమే అని రాసి, జరిగితే మొదటి రోజుల్లో ఏం కోల్పోతామో పక్కన చెప్పండి. భయపెట్టడానికి అంకె పెంచిన విశ్లేషకుడి మాట రెండోసారి ఎవరూ వినరు. ఎంత ప్రమాదాన్ని భరించాలన్నది ఎన్నికైన వాళ్లు తీసుకోవలసిన నిర్ణయం. ‘కాబట్టి బలగాలను పంపాలి’ అన్న వాక్యం మీ పత్రంలో ఉండకూడదు. ‘మనం బలగాలను పంపితే వాళ్లు ఎలా స్పందించవచ్చు’ అన్నది ఉండవచ్చు, అడిగితే ఉండి తీరాలి.

మొదటి పేజీ ఎలా ఉండాలో చెబుతాను. పైన సమాచారం ఏ తేదీ వరకు పరిగణించారో. తర్వాత ప్రధాన అభిప్రాయాలు మూడో నాలుగో, ఒక్కోదానికి అవకాశం, నమ్మకం స్థాయి, కారణం. కిందటిసారి చెప్పినదానికీ ఇప్పటికీ ఏం మారింది, ఎందుకు మారింది. మాకు తెలియనిది ఏమిటి. ఎవరు ఎక్కడ విభేదిస్తున్నారు. అభిప్రాయం మార్చే సంకేతాల్లో ముఖ్యమైనవి. అంతే. విభేదాన్ని అనుబంధంలోని అడుగు సూచికలో పూడ్చిపెట్టకండి. ఇరాక్ ఉదంతం తర్వాత దాన్ని సమర్థించడం ఎవరివల్లా కాదు.

పలు సంస్థలు కలిసి రాసే పత్రమైతే ఏకాభిప్రాయం కోసం పదాలు అరగదీసే పోటీ మొదలవుతుంది. చివరికి ఎవరికీ అభ్యంతరం లేని వాక్యం మిగులుతుంది, తప్పయితే తిలాపాపం తలా పిడికెడు. దానికంటే రెండు స్పష్టమైన, పొసగని అభిప్రాయాలు పక్కపక్కన ఉండటం వెయ్యి రెట్లు నయం. ఒకే సంస్థ గొంతు అన్నిటినీ మించిపోవడమూ ప్రమాదమే. కార్గిల్ తర్వాత 1999లో కె.సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ఏర్పాటైన సమీక్షా సంఘం ఎత్తిచూపిన లోపాల్లో అదొకటి. ముప్పు అంచనా ఒకే సంస్థ ఆధిపత్యంలో ఒంటి దారిన సాగుతోందనీ, వివిధ సంస్థల సమాచారాన్ని కలిపి చూడవలసిన అంచనా ప్రక్రియకే ప్రాధాన్యం తగ్గిపోయిందనీ ఆ సంఘం చెప్పింది. ఇజ్రాయెల్‌లో 1973 తర్వాత సైనిక నిఘాలో ఒక చిన్న విభాగాన్నే ఏర్పాటు చేశారు. అధికారిక అభిప్రాయానికి ఎదురు వాదించడమే దాని ఉద్యోగం. మీకు అలాంటి విభాగం లేకపోతే, ఆ పని ఒక సహోద్యోగికి పేరు పెట్టి అప్పగించండి. ఎవరికీ అప్పగించని వాదన ఎవరూ వాదించరు.

మిగిలింది మీ పై అధికారి. ఆయనతో తగవు పెట్టుకోవలసిన పని లేదు. ‘ఉండవచ్చు’ తీసేయమన్నారు, తీసేయండి. ఆ చోట ‘అసంభావ్యం, 20 నుంచి 45 శాతం, నమ్మకం తక్కువ, కారణం ఫలానా’ అని పెట్టి తిరిగి ఇవ్వండి. చాలామంది అధికారులు కోరుకునేది నిజానికి ఇదే, వాళ్లకు దాని పేరు తెలియక ‘గట్టిగా చెప్పండి’ అంటారు. అంకెనే మార్చమంటే అప్పుడు మాట వేరు. ఏ కొత్త ఆధారం వల్ల మార్చాలో మర్యాదగా అడగండి. ఆయన దగ్గర మీరు చూడని సమాచారం నిజంగానే ఉండవచ్చు, అయితే అది పత్రంలోకి రావాలి. ఆధారం ఏదీ లేకుండా ‘పైవాళ్లకు ఇలా కావాలి’ అన్నదే కారణమైతే, ఆయన తన పేరుతో మార్చుకోవచ్చు, మీ అసమ్మతి మాత్రం ఫైలులో తేదీతో నమోదు కావాలని చెప్పండి. గొంతు పెంచకుండా, ఒక్క పేరాలో. ఈ మాట చెప్పడానికి ధైర్యం కావాలి, కాదనను. ఉద్యోగం మీద ప్రభావం ఉండదన్న హామీ నేను ఇవ్వలేను. సిమాన్-తోవ్ రాసిన కాగితాలు ఆ వారం ఎవరికీ పనికి రాలేదు గానీ, తర్వాత విచారణ సంఘం దృష్టికి వచ్చాయి.

పత్రం ఇచ్చాక మౌఖికంగా వివరించమని పిలిస్తే, నోటితో కూడా అవే అంకెలు చెప్పండి. రాతలో ‘30 శాతం’ అని రాసి, గదిలో పెద్దవాళ్లను చూడగానే ‘ఏమీ జరగదులెండి’ అనేవాళ్లు ఉంటారు. గదిలోంచి బయటికి వెళ్లేది ఆ మాటే.

సమర్పించే ముందు ఈ పరీక్ష చేయండి. విషయం తెలియని, కానీ చూసే అధికారం ఉన్న ఇద్దరు సహోద్యోగులకు విడివిడిగా మొదటి పేజీ ఒక్కటే ఇవ్వండి. అయిదు నిమిషాల తర్వాత తీసేసుకుని, దాడి జరిగే అవకాశం నూటికి ఎంతని అర్థమైందో, ఏం జరిగితే ఆ అంకె మారుతుందో చీటీ మీద రాయమనండి. రెండు చీటీలూ మీ మనసులోని అంకెకు దగ్గరగా ఉంటే పంపించండి. ఒకరు 20, ఇంకొకరు 80 రాస్తే ఆ పేజీ మళ్లీ రాయండి. గడువు ముంచుకొస్తుంటే అనుబంధం సంగతి తర్వాత చూసుకోవచ్చు.